ఏడున్నర అంగుళాలు

కంచరపాలెం,
3 జులై 2024

దాదాకి,

సలాం. ఫోనులో చెబితే మీకు వినపడదు. పోయినసారి మాహిరా ఫుప్పూ ఫోను మీ చెవికి ఆనిస్తే మూడుసార్లు "బాగున్నాను" అని పెట్టేశారు. అందుకే రాస్తున్నాను. ఇసక అచ్చులు కట్టే మన మోల్డరు పైడయ్య రోజూ మీ పద్మనాభం నుంచే పనికి వచ్చి వెళ్తాడు కాబట్టి, ఈ ఉత్తరం అతని టిఫిన్ సంచీలో పెడుతున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

మీతో చెప్పొద్దని నాన్న అన్నాడు. చెప్పకుండా అడగడం నాకు చేతకాలేదు. రైలు పట్టాల మీద కొత్త వంతెన వస్తోంది. మన ఫౌండ్రీ షెడ్డు దాని కింద పోతుంది. నోటీసు వచ్చి నెలయింది. నష్టపరిహారం షెడ్డు కొలతను బట్టి చదరపు అడుగుకి ఇంత అని ఇస్తారు. అయితే షెడ్డు పాతదని, ఎవరు కట్టారో రుజువు ఉందని చూపిస్తేనే. లేకపోతే రోడ్డు ఆక్రమించి కట్టినట్టే లెక్క, ఒక్క రూపాయి రాదు. విచారణ ఈ నెల 22న.

తొలినాటి కరెంటు బిల్లులు, లైసెన్సు కాగితాలు హుద్‌హుద్ తుఫానుకి తడిసి ముద్దయిపోయాయని మీకు తెలుసు. అటక మీద మీ ఇనుప పెట్టెలో ఎర్రబట్ట అట్ట వేసిన పుస్తకం ఒకటి దొరికింది. మీ చేతిరాతే. 'ఫౌండ్రీ కట్టడం ఖర్చు, 1971' అని ఉంది. నేను రెండు రోజులు దాన్నే చదివాను. ఇటుకలు ఆరువేలు, 270. రేకులు 108, 2,268. బట్టీకి మట్టి, లారీ కిరాయి, కూలివాళ్లకి బెల్లం. అంతా కలిపి 10,014 రూపాయలు. షెడ్డు పొడవు అరవై అడుగులు, వెడల్పు ముప్పై రెండు అని కూడా రాశారు. డబ్బు ఎక్కడికి పోయిందో అంతా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. మొదటి కాగితం చింపేసి ఉంది. వేలికి తగిలే అంచు మాత్రం మిగిలింది.

ఇంకొక సంగతి. మీకు పోత అచ్చులకి చెక్క నమూనాలు, ఆ ప్యాట్రన్లు, చేసి ఇచ్చిన వడ్రంగి చలమయ్య గారి మనవరాలు శ్రీసత్య భూసేకరణ ఆఫీసులో అర్జీ పెట్టింది. షెడ్డులో సగం వాళ్ల తాతదేనట. నాన్నకి ఒళ్లు మండిపోయింది. "కూలికి వచ్చే వడ్రంగికి వాటా ఏమిటి?" అంటున్నాడు. ఆటోనగర్‌లో కొత్త స్థలానికి నాన్న ఇప్పటికే రెండు లక్షలు బయానా ఇచ్చేశాడు. ఆగస్టు ఆఖరికి మిగతాది కట్టకపోతే ఆ రెండు లక్షలూ పోతాయి. తొమ్మిదిమంది పనివాళ్లు రోజూ నా మొహం చూస్తున్నారు, నాకేదో తెలిసినట్టు.

షెడ్డు ఎవరి డబ్బుతో కట్టారో రాసి సంతకం పెట్టి పంపండి. లాయరు మహేశ్వరి గారు దాన్ని ఫైలులో పెడతారట.

మీ కంట్లో చుక్కలు వేస్తున్నారా?

మీ ఆస్రా


పద్మనాభం,
5 జులై

అమ్మలూ ఆస్రా,

నీ ఉత్తరం అందింది. చుక్కలు నాను వేసుకోను, నా కూతురు గదా, మీ ఫుప్పూనే వేత్తది, సగం బుగ్గ మీదే పడతాయి.

షెడ్డు పోతందని నాకు తెలుసు. పైడయ్య ఎప్పుడో సైగలతో సెప్పినాడు. మీరందరూ నా దగ్గర దాచతన్నారని తెలిసి నాను కూడా తెలీనట్టే ఉన్నాను. బాధ లేదు. ఇనుము పోసినోడికి కరగడం కొత్తేటి?

రాసుకో. ఆ షెడ్డు నా కష్టం. పోర్టు డాకులో పదకొండేళ్లు రివెట్లు కొట్టినాను. ఆ దెబ్బలకే చెవులు పోనాయి. ఆ డబ్బుతో కట్టినాను. తొలి బట్టీ అంటించిన దినం ఊరంతా పొగ. మీ దాదీ ఆమినాబీ ఆరబెట్టిన బట్టలన్నీ నల్లగా అయిపోనాయి. వారం దినాలు నాతో మాట్లాడలేదు. తొలి పోతలో పోర్టోళ్లకి కప్పీలు పోసినాం. పన్నెండు కప్పీల్లో తొమ్మిది పగిలిపోనాయి. ఇసకలో తడి ఎక్కువైంది మరి. ఆ ముక్కలే మళ్లీ బట్టీలో ఏసినాం.

చలమయ్య పనోడు. గోదావరి నుంచి వచ్చిన వడ్రంగి. ప్యాట్రన్ సేసినాడు, కూలి ఇచ్చినాను, పట్టుకెళ్లినాడు. అంతే. వాటా లేదు, ఏటీ లేదు. దీని కింద సంతకం పెడతన్నాను.

ఇక్కడ నారుమళ్లు పోసినారు. కప్పలు అరుత్తాయంట. నాకెలాగూ వినబడదు, హాయి.

నజీర్


కంచరపాలెం,
9 జులై

దాదాకి,

సలాం. మీ ఉత్తరం చదివి నాన్న నెల రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నాడు. మర్నాడే మహేశ్వరి గారు దాన్నీ, ఎర్ర పుస్తకాన్నీ కలిపి ఆఫీసులో ఇచ్చారు.

నిన్న సర్వేయరు గురువులు గారు కొలతలకి వచ్చారు. నేను పుస్తకం నకలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒకసారి కొలిచారు. మళ్లీ కొలిచారు. మూడోసారి టేపు అవతలి కొసని పైడయ్య చేత పట్టించి కొలిచారు.

"ఏటమ్మా, మీ పుస్తకంలో అరవై అడుగులు. నా టేపు అరవై అడుగుల ఏడున్నర అంగుళాలు సెప్తంది."

"మీ టేపు సాగిందేమో చూడండి," అన్నాడు నాన్న.

"స్టీలు టేపు సాగడమేటి సార్, రబ్బరేటి? వెడల్పు సూడండి. ముప్పై రెండు రాసినారు. ముప్పై రెండు అడుగుల నాలుగంగుళాలుంది. అటూ ఎక్కువే, ఇటూ ఎక్కువే. ఇంకే షెడ్డు పుస్తకమో తెచ్చి దీనికి అంటించినారేటి?"

ఆయన నవ్వుతూనే అన్నారు. కానీ కాగితం మీద నవ్వుతూ రాయలేదు. 'పుస్తకంలోని కొలతలు కట్టడంతో సరిపోలడం లేదు' అని రాశారు. పాత చిట్టా పుస్తకాలు పాత టౌనులో తూకానికి దొరుకుతాయి, వాటిలో ఎవరేమైనా రాసుకోవచ్చు అని ఆఫీసులో అనుకుంటున్నారట. పుస్తకం దొంగదని తేల్చేస్తే మన దగ్గర ఇంకో రుజువు లేదు. మీరు సంతకం పెట్టిన ఉత్తరం కూడా దానితోపాటే పోతుంది.

ఇంటికి వచ్చాక నాన్న నన్నే అడిగాడు, "ఆ పుస్తకంలో నువ్వేమైనా దిద్దావా?" అని. నేను దిద్దలేదు. అడగకుండానే ఇంకోసారి కూడా దిద్దలేదన్నాను. చిన్నప్పుడు స్కూల్లో సిస్టర్ ఎవరి పెన్సిల్ పోయిందని అడిగినా నాకే చెమట పట్టేది. అలాగే అయింది.

పుస్తకం నకలుని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆఖరి పేజీలో ఒక పద్దు ఉంది. 'రేకులు 4, యాంగిల్ అతుకులు, వెల్డింగు – 214. చలమయ్య ఖాతా.' కూలికి వచ్చిన మనిషి ఖాతాలో రేకులు ఎందుకు రాశారు దాదా? పుస్తకం మొత్తంలో ఇంకెవరి ఖాతా లేదు.

పదమూడు రోజులే ఉన్నాయి. కొలత ఎందుకు తేడా వచ్చిందో మీకు గుర్తుంటే రాయండి.

ఆస్రా


పద్మనాభం,
11 జులై

ఆస్రా,

అరవై అంటే అరవై. యాభై మూడేళ్ల నాటి షెడ్డుకి ఏడంగుళాల తగువేటి? రోజుకి అరవై రైళ్లు పోతాయి ఆ పట్టాల మీద. నేల కదలదేటి?

214 సంగతి నీకు అనవసరం. ఆ శ్రీసత్య నిన్ను కలిసినాదా? ఏటి సెప్పినాది? వాళ్ల నాయనమ్మ కాంతం నోరు మంచిది కాదు. మనవరాలికీ అదే వచ్చుంటాది. మీ నాన్న నీ చేత అడిగిత్తన్నాడా, నాను ఏటి కక్కుతానో సూద్దామని? సూటిగా వచ్చి అడగమను. చెవులు లేవుగానీ కళ్లు ఉన్నాయి నాకు.

నీకు రాయడం వచ్చని అందరివీ తవ్వీకు.

నజీర్


కంచరపాలెం,
14 జులై

దాదాకి,

సలాం. మీ ఉత్తరం నాన్నకి చూపించలేదు. నాన్న నా చేత అడిగించడం లేదు. నేనే అడుగుతున్నాను.

మీరు ఆ ఉత్తరం రాసిన రోజుకి నేను శ్రీసత్యని చూడనేలేదు. నిన్న తనే వచ్చింది. మల్కాపురంలో మందుల షాపులో పని చేస్తుంది, నా ఈడుదే. గుడ్డ సంచీ ఒకటి పట్టుకుని ఫౌండ్రీ గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే, "ఇక్కడే బాగుంది" అంది. నాన్న లేని సమయం చూసుకుని వచ్చిందనిపించింది.

"నాను గొడవకి రాలేదు," అంది. "ఒక మాట అడుగుదామని వచ్చినాను. మా నాయనమ్మ పోయేముందు కూడా అదే మాట. 'ఏడున్నర అంగుళాలకి మీ తాత గుమ్మం దాటినాడే' అనీది. ఏటి నాయనమ్మా అంటే ఏడిసీది తప్ప సెప్పీది కాదు. మొన్న ఆఫీసులో కొలతల కాగితం నాకూ ఒకటి ఇచ్చినారు. దాన్లో ఏడున్నర అని సూడగానే తాత సంచీ దించి పట్టుకొచ్చినాను."

సంచీలో చలమయ్య గారి పనిముట్లు ఉన్నాయి. ఉలులు, చెక్కకి రంధ్రాలు వేసే బరమా, రెండు ఉక్కు స్కేళ్లు. రెండూ రెండడుగులవే. రెండింటి మీదా అంగుళాలు ఇరవై నాలుగే. ఊరికే పక్కపక్కన పెట్టాను. ఒకటి పావు అంగుళం పొడుగు.

నా కళ్లే మోసం చేస్తున్నాయేమో అనుకున్నాను. పైడయ్యని పిలిచాను.

"దీనికేటమ్మా ఇంత కంగారు? పొడుగుది ప్యాట్రన్ స్కేలు. కరిగించి పోసిన బీడు ఇనుము సల్లారితే కుంచించుకుపోద్ది. అడుక్కి ఒక నూలు. అందుకని సెక్క ప్యాట్రన్ అడుక్కి నూలు పెద్దది సేత్తారు. ప్రతిసారీ లెక్కెయ్యక్కర్లేకుండా స్కేలే అలా సాగదీసి గీసేసినారు. మామూలు పనికి దాన్ని ముట్టుకోకూడదు."

నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఉత్తరం అంచు మీద లెక్క వేశాను. అరవై నూళ్లు ఏడున్నర అంగుళాలు. ముప్పై రెండు నూళ్లు నాలుగు అంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

నేల కదలలేదు దాదా. ఎవరో ఆ షెడ్డు పునాదికి ప్యాట్రన్ స్కేలుతో కొలిచి ముగ్గు గీశారు. ఆ స్కేలు చలమయ్య గారి సంచీలో ఉంది.

నాకు భయంగా ఉంది. ఈ స్కేలు చూపిస్తే పుస్తకం నిజమైనదని తేలుతుంది. కానీ షెడ్డుకి ముగ్గు గీసింది చలమయ్య గారని కూడా తేలుతుంది. ఆయన ఖాతా గురించి అడుగుతారు. ఆయన పనివాడు అంతే అని మీ సంతకంతో ఉన్న కాగితం ఫైలులో ఉంది. చూపించకపోతే పుస్తకం పోతుంది, షెడ్డు పోతుంది, ఆటోనగర్ పోతుంది. శ్రీసత్యకి కూడా ఏమీ రాదు. తను ఆ రెండు స్కేళ్లూ నా దగ్గరే వదిలి వెళ్లింది. రసీదు అడగలేదు.

చింపిన కాగితంలో ఏముంది? ఆయన్ని మీరు మోసం చేశారా? ఈ మాట రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేసినా మీరు వెలుతురుకి పట్టి చదువుతారు. అందుకని ఉంచేశాను.

ఆస్రా


కంచరపాలెం,
17 జులై

దాదాకి,

మూడు రోజులైంది. మీరు నా ఉత్తరం తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారట. సాయంత్రం బస్టాండు అరుగు మీద కూర్చుని ఉన్నారట. జవాబు ఏదని పైడయ్య సైగ చేస్తే ముఖం తిప్పుకున్నారట. "సూసినాడమ్మా, సూడనట్టు సేసినాడు," అన్నాడు.

నేను అడగకూడని మాట అడిగాను. అందుకు క్షమించండి. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేను.

శ్రీసత్య వచ్చి వెళ్లిందని నాన్నకి తెలిసిపోయింది. "వాళ్లతో మాట్లాడావా? వాళ్ల సామాను మన ఇంట్లో పెట్టావా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బల్ల మీద ఆ స్కేళ్లని ఒక్క వేలితో పక్కకి జరిపి వెళ్లి పడుకున్నాడు. ఇవాళ ఫౌండ్రీలో పోత ఉంది. అయినా వెళ్లలేదు. నాన్న పోత రోజు ఇంట్లో ఉండడం నేను చూడలేదు.

ఐదు రోజులు. ఏదో ఒకటి రాయండి. తిట్టినా సరే.

ఆస్రా


పద్మనాభం,
18 జులై

ఆస్రా తల్లీ,

తిట్టను. నిన్ను తిట్టీవోడిని కాదు.

నీ ఉత్తరం నాలుగు దినాలు జేబులో పెట్టుకు తిరిగినాను. చెమటకి సిరా అలుక్కుపోనాది. మోసం అన్న ఆ ఒక్క మాట మాత్రం అలుక్కోలేదు. రాత్తన్నాను. నిదానంగా సదువు.

చలమయ్య కూలోడు కాదు. నా పొత్తుదారు. పోర్టులో పరిచయం. నాను రివెట్లు కొడితే ఆడు పడవలకి సెక్క పని సేసీవోడు. గోదావరి మనిషి, అందర్నీ అండీ అండీ అనీవోడు. నన్ను మాత్రం బావా అనీవోడు. గోదారి ఒడ్డున ఆడికున్న అరెకరం అమ్ముకొచ్చి నా చేతిలో పెట్టినాడు. ఆడిది సగం, నాది సగం. ఎనిమిది నెలలు ఇద్దరం కూలి తీసుకోకుండా కట్టినాం. ఆడికి సదువు రాదు. లెక్క నాను రాసీవోడిని.

షెడ్డుకి ముగ్గు గీసిన దినం మిట్టమధ్యాహ్నం. ఆడు సంచీలోంచి స్కేలు తీసి పదడుగుల టేకు కర్ర ఒకటి కొలిచి కోసినాడు. ఆ కర్రతోనే నేలంతా కొలిచినాడు. రెండు స్కేళ్లూ ఒక్కలాగే ఉంటాయి గదా. ఎండకి కళ్లు సెదిరినాయో ఏటో, పొడుగు స్కేలు చేతికొచ్చింది. ఎవలికీ తెలీలేదు. పునాదులు పడ్డాయి, స్తంభాలు లేసినాయి. యాంగిళ్లు, రేకులు నా పుస్తకంలో ఉన్న కొలతకి కోయించి లారీలో తెచ్చినాను. ఎక్కిత్తే చివర్న చెయ్యి దూరేంత ఆకాశం కనబడింది.

అందరూ నవ్వినారు. పైడయ్య నాన్న నేల మీద దొర్లి నవ్వినాడు. చలమయ్య కూడా నవ్వినాడు. "బావా, షెడ్డు సల్లారితే సరిపోద్దిలే," అన్నాడు. నాను నవ్వలేదు. చేతిలో డబ్బు అయిపోనాది. మీ నాన్న కడుపున ఉన్నాడు. అప్పు సేసి నాలుగు రేకులు తెచ్చి కప్పించినాను. ఆ సాయంత్రం పుస్తకంలో 214 రాసి పక్కన 'చలమయ్య ఖాతా' అని పెట్టినాను.

ఎవలో సదివి సెప్పినారు ఆడికి. మర్నాడు వచ్చినాడు. అరవలేదు. "నా తప్పు పుస్తకంలో ఎక్కించినావు బావా. మంచిదే. నా ఎనిమిది నెలలు ఏ పేజీలో ఉన్నాయో వేలు పెట్టి సూపించు," అన్నాడు. సూపించడానికి లేదు. పని దినాలు నాను రాయలేదు, నావీ రాయలేదు. ఆ మాట సెప్పొచ్చు. 214 కొట్టేయొచ్చు. కలం చేతిలోనే ఉంది. కొట్టలేదు. ఆడు సంచీ బుజానికి ఏసుకుని గుమ్మం దాటినాడు.

డబ్బు ఆడు అడగలేదు. నాను ఇవ్వలేదు. మొదట లేక ఇవ్వలేదు. తరవాత ఉండీ, ఎలా ఇవ్వాలో తెలీక ఇవ్వలేదు. ఆ పేజీ రోజూ కనబడతంటే సింపేసినాను.

నాలుగేళ్లకి మళ్లీ ప్యాట్రన్లు తెచ్చీవోడు. ఆడి చేతి ప్యాట్రన్ ఇంకెవలికీ రాదు. గేటు దగ్గర ఇచ్చి, గేటు దగ్గరే డబ్బు లెక్కపెట్టుకుని పోయీవోడు. ముప్పై ఏళ్లు. ఒక్కసారి ఆ రేకుల కిందకి రాలేదు. నన్ను నజీర్ గారూ అనీవోడు. మీ నాన్న సూసింది ఆ చలమయ్యనే. అందుకే కూలోడంటాడు. ఆ తప్పు మీ నాన్నది కాదు.

సింపినాను గానీ పారేయలేదు. నా కళ్లజోడు పెట్టిలో గుడ్డ కింద ఉంది. ఇందులో పెడతన్నాను. 'నజీర్ 4,900. చలమయ్య 4,900. సగం సగం.' కింద ఆడి వేలిముద్ర. పుస్తకంలో ఉన్న అంచుకి ఆనించి సూడు, అతుక్కుంటాది.

మొదట రాసిన ఉత్తరం అబద్ధమని ఆఫీసులో సెప్పు. సెప్పడం నీకు కష్టమని తెలుసు. చుట్టాలొత్తే తలుపు ఎనక దాక్కునే గుంటవి నువ్వు. నాను రాలేను. వచ్చినా ఆళ్లు అడిగింది నాకు వినబడదు. ఈ కాగితం సదివెయ్. సదవడం నీకు వచ్చు.

మోసం సేసినావా అని అడిగినావు. సేసినాను.

నజీర్


కంచరపాలెం,
23 జులై

దాదాకి,

సలాం. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరం ముందు నాన్నకి ఇచ్చాను. రెండుసార్లు చదివి మడిచి నా చేతికే ఇచ్చాడు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారయ్యాడు.

ఆఫీసులో మమ్మల్ని మూడో నంబరుగా పిలిచారు. శ్రీసత్య అవతలి కుర్చీలో ఉంది. ఆఫీసరు పుస్తకం తీసి, "ఇది ఈ షెడ్డుది కాదంటున్నారు మా వాళ్లు. ఏం చెబుతారు?" అన్నారు. మహేశ్వరి గారు లేవబోయారు. నేను లేచాను. బల్ల మీద రెండు స్కేళ్లూ పక్కపక్కన పెట్టాను. ఒక కొస కలిపి, రెండో కొస వైపు వేలు చూపించాను. ఆ తర్వాత పైడయ్య చెప్పిన నూలు లెక్క చెప్పాను.

గురువులు గారు పొడుగు స్కేలు చేతిలోకి తీసుకుని, తన టేపు పక్కన పరిచి, కాగితం మీద చాలాసేపు గుణించారు. "సార్, ఈ స్కేలుతో కొలిస్తే ఆ షెడ్డు అరవై అడుగులే. అటు ముప్పై రెండే. పుస్తకం కరెక్టే," అన్నారు. తర్వాత నాతో మెల్లగా, "ఇరవై ఆరేళ్ల సర్వీసులో స్కేలుని అనుమానించలేదమ్మా నాను," అన్నారు.

అప్పుడు మీ ఉత్తరం చదివాను. మీరు రాసినట్టే చదివాను, ఒక్క మాట దిద్దలేదు. 'చెయ్యి దూరేంత ఆకాశం' దగ్గర గురువులు గారు నవ్వారు. 'ఏ పేజీలో ఉన్నాయో' అన్న చలమయ్య గారి మాట దగ్గర శ్రీసత్య చున్నీతో ముఖం కప్పుకుంది. నాన్న లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. నేను ఆగలేదు. ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. చింపిన కాగితాన్ని అంచుకి ఆనించాను. అతుక్కుంది. మొదటి ఉత్తరం ఎందుకు ఇచ్చారని ఆఫీసరు నన్ను గట్టిగానే మందలించారు. దాన్ని వెనక్కి తీసుకున్నట్టు రాయించి నా చేత సంతకం పెట్టించారు.

ఇద్దరి పేర్లూ రాశారు. సగం సగం. కొలత గురువులు గారి టేపు ప్రకారమే కడతారు, పుస్తకం ప్రకారం కాదు. అంటే నలభై చదరపు అడుగులు ఎక్కువ.

బయట వరండాలో నాన్న శ్రీసత్యతో అన్నాడు. "ప్రతి బక్రీదుకీ లోపలికి రమ్మని పిలిచేవాడిని. టీ కూడా గేటు దగ్గరే తాగేవాడు. పొగరనుకున్నాను."

"పొగరే," అంది శ్రీసత్య. "ఇంటికొచ్చి ఆ టీ బాగుందని సెప్పీవోడు." చున్నీ సర్దుకుని, "నాకు నా సగం గావాల సార్. మొహమాటానికి ఒగ్గను. మా అమ్మ ఆపరేషనుకి సేసిన అప్పుంది," అంది.

"వదలొద్దు," అన్నాడు నాన్న.

మన సగంతో ఆటోనగర్ స్థలం మొత్తం రాదు. నాన్న ఇవాళ వెళ్లి సగం స్థలమే అడిగాడు. బయానా పోదుగానీ షెడ్డు చిన్నదవుతుంది. తొమ్మిదిమందికి అందులో పని ఉంటుందో లేదో తెలియదు. పైడయ్య ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు దిగులుగా ఉంది.

మీరు అక్కడ బస్టాండులో కూర్చోకండి. రేపటి నుంచి వానలట.

ఆస్రా


పద్మనాభం,
25 జులై

ఆస్రా తల్లీ,

నీ ఉత్తరం నాను సదివి, మీ ఫుప్పూ చేత నా ఎదుట మళ్లీ సదివించినాను. వినబడదు గానీ దాని పెదాలు కదలడం సూత్తే బాగుంటాది.

ఆ నలభై అడుగుల లెక్క నాను కూడా ఏసినాను. ఆ దినం నాను ఆడి ఖాతాలో రాసిన 214 ఇప్పుడు ఎన్ని రూపాయలై తిరిగొచ్చిందో సూడు. అదీ సగం సగమే. శ్రీసత్యకి లెక్క సెప్పి ఇవ్వమను మీ నాన్నని. ఆఫీసోళ్లు పుస్తకం తిరిగి ఇచ్చినాక ఆఖరి పేజీ తియ్యి. 214 పద్దు కొట్టెయ్యి. నా కలంతో కాదు, నీ కలంతో. నా చెయ్యి ఆ దినమే కొట్టాల్సింది.

పైడయ్య దగ్గర నువ్వేటీ దాచక్కర్లేదు. ఆడికి అరవై దాటినాయి. నాతో అరుగు మీద కూకోడానికి ఓ మనిషి గావాల. అక్కడే పని సేసే ఆడి కొడుకుని మాత్రం ఒగ్గొద్దని మీ నాన్నకి సెప్పు. పైడయ్య మానేత్తే మిగిలిన ఎనిమిదిమందికి సిన్న షెడ్డు సాలుతాది, ఇరుకైతే ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటా పని సేత్తారు.

రేకులు దించే దినం నన్ను తీసుకెళ్లకండి. కొత్త స్థలంలో ముగ్గు గీసే దినం తీసుకెళ్లండి. శ్రీసత్యని కూడా పిలు. గేటు దగ్గర కాదు, లోపలికి.

ఇంకొక మాట, ఇది మీ నాన్నకి సెప్పకు. ఆడు టేపు తెత్తాడు. గురువులు లాంటోడు ఎవడో ఒకడు వచ్చి సరిగ్గా కొలుత్తానంటాడు. ఆళ్లు రాకముందే నువ్వు ఓ పదడుగుల కర్ర కోయించి ఉంచు.

పొడుగు స్కేలుతో కోయించు. రేకులకి కూడా ఆ కొలతే సెప్పు.

నజీర్